మిరప కాటా మీద మనిషి

పొద్దున్నే రోడ్ల మీద పరిగెత్తే పిల్లల్ని ఈ మధ్య చూస్తున్నాను. చేతికి గడియారం, నడుముకి నీళ్ళ సీసాల బెల్టు, జేబులో రకరకాల పొట్లాలు. మొన్న ఒకతన్ని ఆపి ఆ పొట్లాల్లో ఏముందని అడిగితే, ఒకటి చక్కెర, ఒకటి ఉప్పు అన్నాడు. ముసలాయనకి ఎందుకీ గోల అనుకుని ఉంటాడు. కానీ ఆ రెండో పొట్లం సంగతి ఎనభైల్లో నాకు తట్టి ఉంటే, ఒక మనిషిని చావు అంచు దాకా తీసుకెళ్ళి ఉండేవాణ్ణి కాదు. అందుకే ఇది మీకు చెబుతున్నాను. ఇందులో నా గొప్ప పెద్దగా లేదు, ముందే మనవి చేసుకుంటున్నాను.

అప్పట్లో నేను మాచర్ల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ వర్కర్‌ని. చంటిపిల్లల్ని తూచడం, జ్వరమొచ్చినవాళ్ళ వేలి నుంచి రక్తపు చుక్క తీయడం, క్షయ రోగుల ఇళ్ళకు వెళ్ళి సూది వేయడం, ఇవీ నా పనులు. రాళ్ళ క్వారీల చుట్టూ ఉన్న గుడిసెల్లో క్షయ ఎక్కువ. అక్కడ నన్ను "సూది సారు" అనేవాళ్ళు. అసలు పేరు అడిగినవాళ్ళు ఆ క్వారీల్లో ఒక్కరూ లేరు.

ఈ కథలోని మనిషి క్వారీలో వత్తి అంటించేవాడు. రాతికి బెజ్జం తొలిచి, పేలుడు మందు కూరి, వత్తి పెట్టాక మిగతావాళ్ళంతా దూరంగా వెళ్ళిపోతారు. ఒక్కడు మాత్రం మిగిలి, బీడీతో వత్తులు వరసగా అంటించి, కేక పెడుతూ పరిగెత్తాలి. పన్నెండేళ్ళు అతను ఆ పరుగు పరిగెత్తాడు. తర్వాత దగ్గు పట్టుకుంది, రక్తం పడింది, మా దగ్గరికి వచ్చాడు. ఏడాదిన్నర మందులు. ఒక్క సూది తప్పించలేదు, ఒక్క మాత్ర మానలేదు. నేను రొట్టె తినమంటే రొట్టె, గుడ్డు తినమంటే గుడ్డు. నా సర్వీసులో అంత మాట వినే రోగిని మళ్ళీ చూడలేదు. ఆ వినడమే తర్వాత మా ఇద్దరి కొంపా ముంచబోయింది.

జబ్బు పోయింది. మూడుసార్లు కళ్ళె పరీక్ష చేస్తే మూడుసార్లూ ఏమీ లేదని వచ్చింది. డాక్టరుగారు కార్డు మీద సంతకం పెట్టి పంపారు. కానీ ఆ సంతకం ఊళ్ళో చెల్లలేదు. టీ హోటల్లో అతని గ్లాసు విడిగా మేకుకి వేలాడుతూనే ఉంది. అతను తాగి వదిలింది ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదు. భార్యని ఆమె తల్లి పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీలకు తీసుకెళ్ళిపోయింది. నేను వెళ్ళి నచ్చజెప్పాను. "నా బిడ్డ మీద దగ్గడని నువ్వు పూచీ పడతావా సారూ?" అని ఆ తల్లి అడిగింది. పడతానన్నాను. నీ పూచీ కాగితం మీద కదా అని లేచి పనిలోకి పోయింది.

క్వారీ మేస్త్రీ మాట ఇంకా మొరటు. ఊపిరి లేనోడు వత్తి అంటించి ఎక్కడికి పరిగెడతాడు, వాడి చావు నా మెడకి చుట్టుకుంటుంది అన్నాడు. నిజానికి అందులో అన్యాయం కూడా లేదు. అప్పుడు మావాడు పదిమంది ముందు, పల్నాడంతా చుట్టి పరిగెత్తి వస్తే పని ఇస్తావా అని అడిగాడు. మేస్త్రీ నవ్వి, "చుట్టి రా, ఆ రోజే ఇస్తా" అన్నాడు. నాకు చెప్పకుండా ఈ పందెం కాసి, సాయంత్రం సూదుల వేళకి పాత అలవాటుగా వచ్చి నా ముందు కూర్చున్నాడు.

మాచర్ల నుంచి దుర్గి, కారంపూడి మీదుగా నరసరావుపేట. అక్కణ్ణుంచి సత్తెనపల్లి వైపు తిరిగి పిడుగురాళ్ళ, గురజాల, మళ్ళీ మాచర్ల. అయిదు రోజులు, రోజుకి కాస్త అటూ ఇటూగా నలభై కిలోమీటర్లు. దారిలో పడిపోయాడంటే, ఎందుకు పడ్డాడని ఎవరూ అడగరు. జబ్బు తిరగబెట్టింది అంటారు. అతనికి పనీ రాదు, పెళ్ళామూ రాదు. నా దగ్గర సూది వేయించుకుంటున్న మరో ఇరవై మంది, పోయే జబ్బు కానప్పుడు ఈ నొప్పెందుకని మందు మానేస్తారు. ఇదంతా చెప్పాను. "మీరు ఎనకాల ఉంటే పడను సారూ" అన్నాడు.

డాక్టరుగారు కుర్రాయన, డెల్టా నుంచి కొత్తగా వచ్చారు. ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి, పరిగెత్తనివ్వు, కానీ ఎండ ముదురుతోంది, ఒంట్లో నీళ్ళు తగ్గనివ్వకు అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకున్నాను. మా నర్సమ్మ, నా సెలవు చీటీ చూసి, తోడుపెళ్ళికొడుకు ముస్తాబు ఎప్పుడని రెండు రోజులు ఏడిపించింది. బయలుదేరే రోజు మాత్రం నా సంచిలో పట్టీలు, అయోడిన్, విరేచనాల పిల్లలకిచ్చే ఉప్పు-చక్కెర పొట్లాలు ఓ పది తనే సర్దింది. వీడికి విరేచనాలు ఎందుకవుతాయి అని ఆ పొట్లాల్ని అడుగుకి తోసేశాను.

నేను వేసిన ప్లాను ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం అదొక శాస్త్రంలా కనబడింది. కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా ఒక గ్లాసు గ్లూకోజు నీళ్ళు. తిండి రొట్టె, పాలు, ఉడికించిన గుడ్డు, అరటిపండు. చద్దన్నం, గోంగూర, పండుమిరప పచ్చడి నిషేధం, మంట చేస్తాయి, దాహం పెంచుతాయి. అంటే రోగిగా ఉన్నప్పుడు పెట్టిన ఆసుపత్రి తిండే మళ్ళీ పెట్టాను. ఇతను రోగి కాదని ఊరికి చూపించడానికి బయలుదేరినవాణ్ణి, నేనే అతన్ని రోగిలా చూస్తున్నానని నాకు తట్టలేదు.

ఇంకొకటి, తూకం. అవి మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజులు. ఏ ఊరికెళ్ళినా మిరపకాయల బస్తాలు తూచే కాటా ఒకటి ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని మీద అతన్ని నిలబెట్టి బరువు రాసుకోవాలని పెట్టుకున్నాను. కాటాలు తేడాగా ఉంటాయి కాబట్టి, ముందు నేను ఎక్కి నా బరువు సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకుని, తర్వాత అతన్ని ఎక్కించేవాణ్ణి. పిల్లలైనా క్షయ రోగులైనా నా ఉద్యోగంలో ఒకటే లెక్క. బరువు పెరిగితే బాగున్నట్టు, తగ్గితే జబ్బు ఉన్నట్టు. పదేళ్ళుగా అదే రాశాను, అదే నమ్మాను.

మాచర్లలో బయలుదేరేటప్పుడు యాభై ఒకటి తూగాడు. నేను ఆఫీసు సైకిల్ మీద, వెనక నీళ్ళ క్యాను. మొదటి రోజు కారంపూడి దాకా అలవోకగా వచ్చాడు. అతని పరుగు చూడటానికి ఏమంత ఉండదు. కాళ్ళు నేల నుంచి పెద్దగా లేవవు, చేతులు ఊగవు. వత్తి అంటించి పరిగెత్తే పరుగు కాదు, రోజంతా సాగే పరుగు. నడిచేవాడికన్నా కొంచెం ఎక్కువ, అంతే. పక్కన మాట్లాడుతూ వస్తే జవాబు చెప్పేవాడు.

రెండో రోజు అసలు నొప్పి మొదలైంది. పొద్దున లేవగానే మెట్టు దిగలేకపోయాడు, గోడ పట్టుకుని పక్కకి తిరిగి దిగాడు. నేను కొనిచ్చిన కాన్వాసు బూట్లు వేళ్ళని కొరికేశాయి. రెండు గోళ్ళు నల్లబడితే బూట్లు సైకిలుకి వేలాడదీసి తన టైరు చెప్పులు వేసుకున్నాడు. ఒక గంట పరిగెత్తాక నొప్పి పిక్కల్లోంచి మోకాళ్ళకి, మోకాళ్ళలోంచి నడుముకి మారుతూ వచ్చి, మధ్యాహ్నానికి ఎక్కడా లేకుండా పోయింది. ఎక్కడికి పోయిందని అడిగితే, "ఇసుగొచ్చి కూసుంది సారూ" అన్నాడు. నరసరావుపేటలో జనం బాగా పోగయ్యారు. ఒకరిద్దరు దండ కూడా వేశారు. ఎందుకు పరిగెత్తుతున్నాడో నేను చెప్పగానే దండ వేసినాయన చెయ్యి పంచెకి తుడుచుకోవడం నేను చూశాను. అతనూ చూశాడు.

మూడో రోజు ఆకలి విశ్వరూపం చూపించింది. కాళ్ళు వాటంతట అవే నడుస్తున్నాయి గానీ కడుపు మాత్రం అడుగుతూనే ఉంది. అయితే నా రొట్టె చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు, తీపి నీళ్ళు గొంతు దిగడం లేదు. దారి పక్క పొలంలో కూలీలు చద్దన్నంలో పచ్చడి కలుపుకుంటుంటే నిలబడిపోయాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. ఒంటికి ఏది తక్కువైందో ఒళ్ళే అడుగుతోంది. నేను, ఇంకో రెండు రోజులు ఓర్చుకోమని గ్లాసు చేతికిచ్చాను.

నాలుగో రోజు పొద్దున, పిడుగురాళ్ళకి ముందున్న ఊళ్ళో కాటా ఎక్కించాను. నా బరువు ఎప్పటిదే. అతను యాభై రెండున్నర. మూడు రోజులు పరిగెత్తిన మనిషి కిలోన్నర పెరిగాడు. నా ఆనందం చెప్పలేను. చుట్టూ చేరినవాళ్ళకి పుస్తకం తెరిచి చూపించాను. క్షయ ఉన్నవాడు కరిగిపోతాడు గానీ ఇలా ఒళ్ళు చేస్తాడా, మీరే చెప్పండి అన్నాను. వాళ్ళూ తలలూపారు.

అతను కాటా దిగి నా దగ్గరికి వచ్చాడు. "తల దిమ్ముగా ఉంది సారూ. ఈ పూట నీళ్ళు వొద్దులే" అన్నాడు.

"తాగకపోతే పడిపోతావు" అన్నాను. తాగాడు. నా మాట ఏడాదిన్నర విని బతికినవాడు, ఆ రోజు ఎందుకు కాదంటాడు? నా ఉద్యోగ జీవితంలో వెనక్కి తీసుకోగలిగితే ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటాను.

ఎండ నెత్తి మీదకొచ్చే వేళకి సున్నం బట్టీల దగ్గరికి చేరాం. అప్పటికే అడుగులు పక్కకి పడుతున్నాయి. ఒకచోట ఆగి తాగిన నీళ్ళన్నీ కక్కాడు. లేచి నా వంక చూసి, "వత్తి అంటుకుందా సారూ, అందరూ ఎళ్ళిపోయారా?" అని అడిగాడు. నేను బిత్తరపోయి చూస్తుండగానే కేక పెడుతూ రోడ్డు దిగి ముళ్ళకంపల్లోకి పరిగెత్తి, నాలుగడుగుల్లో కూలబడ్డాడు.

బట్టీల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. దగ్గరికొచ్చి, ఎవరో గుర్తుపట్టి, కొంగులూ తువ్వాళ్ళూ మూతికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశారు. జబ్బు తిరగబెట్టింది అన్న మాట వినబడింది. ఒంట్లో నీళ్ళు పోయాయి, అంతే, అనుకుని గ్లాసు నింపి అతని నోటి దగ్గర పెట్టబోయాను. ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అతని అత్తగారు. అల్లుడు ఈ దారిన వస్తున్నాడని తెలిసి కూడా రోడ్డు మీదికి రానని శపథం పట్టిన మనిషని తర్వాత తెలిసింది.

"ఆపు" అంది. అతని చేతికున్న రాగి కడియాన్ని పైకి జరపబోయింది. జరగలేదు. చర్మంలోకి దిగిపోయి ఉంది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాలుగు రోజులుగా ఆ చేతికి గ్లాసు అందిస్తున్నవాణ్ణి నేను, ఆ కడియం ఎప్పుడు బిగిసిందో చూసుకోలేదు.

"నీళ్ళు ఎన్ని పోశావు?" అని అడిగింది. రాయికో గ్లాసు అన్నాను.

"ఉప్పో?"

పచ్చడి కూడా మాన్పించానని చెప్పాను.

"ఈ బట్టీల కాడ నీళ్ళే తాగీ తాగీ ఇట్టాగే ఉబ్బి పడిపోయినోళ్ళని చూశా నేను. చెమటతో ఉప్పంతా పోయింది, నువ్వేమో ఉత్త నీళ్ళు నింపావు. ఇంక చుక్క పొయ్యబాకు" అంది.

బట్టీ సెగ దగ్గర పనిచేసే ఆడవాళ్ళ కొంగు చివర గళ్ళుప్పు మూట ఉంటుంది. పని మధ్యలో ఒక గడ్డ చప్పరించి తర్వాతే నీళ్ళు తాగుతారు. ఆ ముడి విప్పి, మొహం దూరంగా పెట్టి చెయ్యి చాపి, అతని నోట్లో ఉప్పు పెట్టింది. అప్పుడు నాకు నా సంచి అడుగున ఉన్న పొట్లాలు గుర్తొచ్చాయి. విరేచనాల పిల్లలకి ఉత్త నీళ్ళు పట్టొద్దు తల్లీ, ఉప్పూ చక్కెరా కలిపి పట్టు అని ఊరూరా తిరిగి చెప్పేవాణ్ణి నేను. చెమట కూడా ఒంట్లోంచి పోయే నీరే అని పదేళ్ళ ఉద్యోగం నాకు నేర్పలేదు. పెరిగిన కిలోన్నర కండ కాదు, నేను పోసిన నీళ్ళు.

సున్నం లోడుకోసం నిలబడ్డ లారీ ఒకటుంది. దాని డ్రైవర్ని బతిమాలి, ఇంజను ఆపొద్దు, అరగంటలో ఇతనికి తెలివి రాకపోతే ఆసుపత్రికి పోదాం, పందెం గిందెం ఏమీ లేదు అన్నాను. తర్వాత ఆ జనం వైపు తిరిగాను. ఆ పని చేయడానికి సైకిలు తొక్కడం కన్నా ఎక్కువ బలం కావలసి వచ్చింది. ఇది జబ్బు కాదు, తప్పు నాది, నీళ్ళు ఎక్కువ పోసి ఉప్పు ఆపించింది నేనే అని గట్టిగా చెప్పాను. పొద్దున పుస్తకం తెరిచి చూపించిన గొంతుతోనే చెప్పాను.

లారీ నీడలో పడుకోబెట్టాం. కాసేపటికి అతను ఒంటికి వెళ్ళాలన్నాడు. పట్టుకుని తీసుకెళ్ళాను. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వెళ్ళాడు. అంతసేపు ఒక మనిషి ఒంటికి పోతుంటే దేవుడికి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. తిరిగొచ్చి కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషిని తేరిపార చూసి, "అత్తా" అన్నాడు.

"నోట్లో ఉప్పు పెట్టుకుని మాట్టాడబాకు" అంది ఆమె. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

తన సత్తు గిన్నెలోని చద్దన్నం, గోంగూర పచ్చడి కలిపి ముద్దలు చేసి అతని దోసిట్లో వేసింది. గిన్నె మాత్రం ఇవ్వలేదు. వెనక కొంతదూరంలో కూతురు నిలబడి ఉంది. తల్లి చూపుకి జంకి ముందుకి రాలేదు. అతను తింటూ ఆమెనే చూశాడు.

ఎండ తగ్గేదాకా పడుకుని, లేచి, గురజాల దాకా పోతానన్నాడు. ఆ రోజు అక్కడితో ఆపించాల్సిందని డాక్టరుగారు తర్వాత నన్ను చెడామడా తిట్టారు. నిజమే, మీరెవరూ అలా చేయకండి. నేను వద్దన్నాను. అతను మొదటిసారి నా మాట వినలేదు. చాలావరకు నడిచే వచ్చాడు. గురజాలలో కాటా ఎక్కిస్తే యాభై ఒకటికి దిగాడు. ఒక మనిషి బరువు తగ్గిందని సంతోషించడం నా సర్వీసులో అదే మొదలు.

అయిదో రోజు నా ప్లాను కాగితం నలిపి పారేశాను. దాహం వేస్తే తాగు, ఆకలేస్తే తిను, ఏది తినబుద్ధయితే అది అన్నాను. ఉప్పేసిన గంజి అడిగాడు, పచ్చడి అడిగాడు, ఒకచోట ఉల్లిపాయ అడిగాడు. దారి పొడవునా అడిగిందల్లా ఇచ్చారు జనం. బట్టీల కబురు మాకన్నా ముందే ఆ రోడ్డెక్కింది. నాలుగు రోజులు దెబ్బలు తిన్న ఒళ్ళు అయిదో రోజు ఎలా లేచిందో నాకు తెలియదు. డాక్టరుగారు చాలా చెప్పారు, కొవ్వు కరగడం, కండ అలవాటు పడటం వగైరా. నాకు తెలిసిందల్లా, నేను అడ్డం తప్పుకోగానే ఆ ఒళ్ళు తన పని తాను చేసుకుందని. సైకిలు తొక్కుతూ వెనక ఉండటమే ఆ రోజు నా ఉద్యోగం.

మధ్యాహ్నానికి మాచర్ల చేరాం. టీ హోటల్ ముందు క్వారీ మనుషులంతా ఉన్నారు. మేస్త్రీ అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి, కాసేపు ఊపిరి చూసి, రేపు పొద్దున రమ్మన్నాడు. హోటల్ ఆయన మజ్జిగ తెచ్చాడు. తెచ్చింది మేకు మీది గ్లాసులోనే. అలవాటు, పాపం ఆయన గమనించను కూడా లేదు. అతను సగం తాగి, ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అయిదు రోజుల పరుగు వచ్చి ఆ గ్లాసు దగ్గర ఆగింది.

అత్తగారూ కూతురూ గురజాల బస్సు దిగి అప్పటికే జనంలో ఉన్నారు. అత్తగారు ముందుకొచ్చి అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంది. తాగలేదు. నా వైపు తిరిగింది.

"జబ్బు పోయిందని నువ్వే చెప్పావు. నీళ్ళు మంచియ్యనీ నువ్వే చెప్పావు" అంది. "ఇప్పుడు చెప్పు సారూ. ఇది తాగచ్చా?"

అందరూ నన్నే చూస్తున్నారు. కార్డు తీయలేదు, కళ్ళె పరీక్షల గురించి చెప్పలేదు. "నీళ్ళ సంగతి తెలియక చెప్పానమ్మా. జబ్బు సంగతి తెలిసే చెబుతున్నాను. తాగొచ్చు" అన్నాను.

"పదిమందిలో తప్పు నీదేనని ఒప్పుకున్నావు గదా, అందుకే నిన్నడిగా" అంది.

గ్లాసెత్తి గుక్క తాగింది. మూతి తుడుచుకుని, మజ్జిగలో ఉప్పు చాల్లేదని హోటల్ ఆయన్ని కసిరి, మిగిలింది కూతురి చేతికిచ్చింది.